చివరి మడి దాకా

సుంకేసుల బ్యారేజీ మీదికి చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కార్తీకమాసపు చలిగాలి తుంగభద్ర మీది నుంచి నేరుగా ముఖానికి కొడుతోంది. కుడిగట్టున తూముల్లోంచి కాలువలోకి దూకుతున్న నీళ్ళ చప్పుడు తప్ప వేరే అలికిడి లేదు. ఇక్కడ బయలుదేరిన నీళ్ళు కర్నూలు పక్కగా, నంద్యాల మీదుగా సాగి కడప దగ్గరి కృష్ణాపురం దాకా పోవాలి. మూడు వందల కిలోమీటర్ల దారి. పేరు కర్నూలు-కడప కాలువ. మా సీమలో అందరి నోటా కేసీ కెనాలే. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పడవలు నడపాలనీ, పొలాలు తడపాలనీ దీన్ని తవ్వించింది. గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది.

మా పెద్దమ్మవాళ్ళ రెండెకరాలు ఈ కాలువకు ఆ కొసన, పెన్న దగ్గర ఉండేవి. చివరి ఆయకట్టు. పైనోళ్ళు తాగి విడిస్తే మాకు వచ్చేది. పెద్దమ్మ రోజూ గట్టెక్కి కాలువ వైపు చూసేది. నీళ్ళు వచ్చాయో లేదో ఆమె నడకలోనే తెలిసిపోయేది. ముట్లు నిలిచిపోయిన రెండేళ్ళకు ఆమెకు మళ్ళీ రక్తం కనిపించింది. వేడి చేసిందనుకుంది. మజ్జిగ తాగింది, సబ్జా గింజలు నానబెట్టుకొని మింగింది. ఊళ్ళో సూది వేసే ఆయన దగ్గర సూది వేయించుకుంది. ఇంట్లో మగవాళ్ళకు చెప్పడానికి సిగ్గు. అలా ఎనిమిది నెలలు. నడుం నొప్పితో లేవలేని రోజున పట్నం తీసుకుపోతే ముక్క పరీక్ష చేశారు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్. అప్పటికే మూడో దశ దాటింది. మా జేజి కాలంలో దాన్ని రాచపుండు అనేవాళ్ళు. ఆ మాట పలికేటప్పుడు గొంతు తగ్గించేవాళ్ళు. పెద్దమ్మ రోగానికి మేము కొత్త పేరు నేర్చుకున్నాం గానీ, గొంతు తగ్గించడం మాత్రం మానలేదు.

క్యాన్సరుకు మందు లేక పెద్దమ్మ పోలేదు. మందు ఉంది, మిషను ఉంది, చదువుకున్న డాక్టర్లు ఉన్నారు. అన్నీ కాలువ తలకాడ ఉన్నాయి, ఆమె చివరి మడిలో ఉంది. ఈ సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అందుకే ఈసారి కాలువ వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా పోవాలనుకున్నాను. నీళ్ళతో పాటు వైద్యం ఎందాకా చేరిందో కళ్ళారా చూడాలనుకున్నాను.

*

కర్నూలులో దిగి ఉగ్గాని, బజ్జీ తిని పెద్దాసుపత్రి వైపు నడిచాను. 1953 నుంచి 1956 దాకా ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన 1956లోనే ఇక్కడ మెడికల్ కాలేజీ మొదలైంది. రాష్ట్ర క్యాన్సర్ సంస్థ ఇప్పుడు ఆ కాలేజీని ఆనుకునే వచ్చింది. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు రాజధానుల్లోనే కాకుండా రాష్ట్రాల లోపల కూడా ఉండాలని కేంద్రం పెట్టిన పథకం కింద కట్టారు. పెద్దమ్మ నాటికి మా జిల్లాల వాళ్ళకు హైదరాబాదు, వెల్లూరు, బెంగుళూరు, ఈ మూడే దిక్కులు. ఎటు పోయినా రాత్రి ప్రయాణం, సత్రంలో మకాం, తోడు వచ్చిన మనిషికి పోయిన కూలి. వైద్యం ఉచితమైనా దారి ఉచితం కాదు.

ఆ రోజు శనివారం. ఆవరణలో చెట్టు కింద టవలు మెడకు చుట్టుకున్న మనుషులు, ఒళ్ళో పెద్ద ప్లాస్టిక్ సంచులతో ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. సంచుల నిండా స్కానింగు ఫిల్ములు. టవలు పక్కకు జరిగిన చోట మెడ చర్మం నల్లగా కమిలి ఉంది. "ఎన్ని కరెంట్లు అయినాయి?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడం అంటారు. చదువుకున్నవాళ్ళు ఆ మాటకు నవ్వుతారు గానీ అది పూర్తిగా తప్పేమీ కాదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే మిషను నిజంగానే కరెంటు బలంతో ఎలక్ట్రాన్లను పరుగెత్తించి, లోహపు బిళ్ళకు కొట్టించి ఎక్స్‌రేలు పుట్టిస్తుంది. ఆ కిరణాలు కణం లోపలి డీఎన్‌ఏను తెంపుతాయి. మంచి కణం రాత్రికి రాత్రి దాన్ని చాలావరకు అతుక్కోగలదు. క్యాన్సర్ కణానికి ఆ నేర్పు తక్కువ. అందుకే మొత్తం మోతాదు ఒక్కసారి ఇవ్వరు. వారానికి ఐదు రోజుల చొప్పున, నోటికీ గొంతుకూ అయితే ముప్పై, ముప్పై ఐదు సార్లు ఇస్తారు. శని, ఆదివారాలు సెలవు.

ఈ లెక్క సేద్యం చేసేవాళ్ళకు చప్పున అర్థమవుతుంది. పంటకు తడులు ఉంటాయి. ఈ వారం తప్పిన తడిని పైవారం రెండింతలు పెట్టి పూడ్చలేం. కరెంటు కూడా అంతే. మధ్యలో పది రోజులు ఎగ్గొడితే మిగిలిపోయిన క్యాన్సర్ కణాలు మళ్ళీ పెరుగుతాయి, అప్పటిదాకా పెట్టిన కరెంటు ఫలం తగ్గిపోతుంది. పంట కోతకొచ్చిందనో, బస్సు ఛార్జీలు లేవనో, ఇంటి దగ్గర గొడ్లకు దిక్కు లేదనో మధ్యలో ఆగిపోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళను ఆగనివ్వకుండా చూడడం కూడా వైద్యంలో భాగమే. ఉండడానికి ఒక గది, రోజూ ఇంత ముద్ద, రాకపోతే ఫోను చేసి అడిగే మనిషి. మిషను కొన్నంత పట్టుదలతో వీటిని కూడా ఏర్పాటు చేస్తేనే ఆ మిషను పెట్టిన ఫలం దక్కుతుంది.

*

నంద్యాల మీదుగా పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన ఒకామె, ఆమె పక్కన ఆమె భర్త. ఆయన దవడకు గుడ్డ కట్టుకున్నాడు.

"యాడికక్కా?" అన్నాను.

"చాగలమర్రి పక్క పల్లెమ్మా. డాకటరుకు చూపిచ్చుకోని పోతాండాం. పోయినేడు ముప్పైమూడు కరెంట్లు పెట్టినారు. బాగయిందనుకున్న్యాం. మళ్ళా తిరగబెట్టింది."

ఆయన మాట్లాడలేడు, వింటున్నాడు. ఆమె సంచిలోంచి చిన్న క్యాలెండరు తీసింది. ప్రతి బుధవారం చుట్టూ ఎర్రటి గీత. "బుధవారం బుధవారం తొమ్మిది మాత్రలు. దినామూ మింగితే పానానికే మోసమని డాకటరమ్మ నాతో ఒట్టు బెట్టిచ్చుకునింది. ఇంకోటి దినామూ రెండు పూటలు."

మాత్రల అట్ట మీద పేరు చదివాను. మెథోట్రెక్సేట్. నా చేయి ఒక్క క్షణం ఆగింది.

ఆ మందు వెనుక ఒక తెలుగువాడి జీవితం ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బు పొట్టనపెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డులో పని చేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు వెతుకుతూ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేయించారు. అదే ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తక్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బు ఇంకా ముదరడం బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు గమనించారు. తింటే పెరుగుతోందంటే, ఆ తిండి అందకుండా చేస్తే ఎండిపోవాలి కదా. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లంలాగే కనబడి, కణాన్ని మోసగించే మందులు చేసింది. మొదట అమినాప్టెరిన్, ఆ వెంటనే మెథోట్రెక్సేట్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. అమినాప్టెరిన్ ఇచ్చిన పదహారు మంది పిల్లల్లో పది మందికి, కొంతకాలమే అయినా, జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకు ముందు ఆ జబ్బుకు ఏ మందూ పనిచేసిన దాఖలా లేదు. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

డెబ్భై ఏళ్ళు దాటాక ఆ పాత మాత్ర మళ్ళీ మన దేశంలోనే కొత్త పరిశోధనకు ఎక్కింది. నోటి, గొంతు క్యాన్సర్ తిరగబెట్టి, నయం చేసే దశ దాటినవాళ్ళకు సిస్ప్లాటిన్ అనే మందును సెలైన్‌లో ఎక్కిస్తారు. అందుకు ఆసుపత్రికి పోవాలి, వాంతులు, కిడ్నీల భయం. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు 422 మంది మీద పోల్చి చూశారు. సగం మందికి సిస్ప్లాటిన్, సగం మందికి వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు, వాటితో పాటు సెలికాక్సిబ్ అనే నొప్పి మాత్రలు. 2020లో ఫలితం వచ్చింది. సెలైన్ వాళ్ళలో సగం మంది 6.1 నెలలు దాటి బతికారు, మాత్రల వాళ్ళలో సగం మంది 7.5 నెలలు దాటి. బాధ కూడా మాత్రల వాళ్ళకే తక్కువ. నెలా పన్నెండు రోజులు ఎంతలే అనిపించవచ్చు. కానీ అది ఆసుపత్రి మంచం మీద కాదు, ఇంటి దగ్గర, కోడళ్ళ మధ్య, మనవళ్ళ మధ్య గడిచే నెలా పన్నెండు రోజులు. నేనిదంతా ఆమెకు చెప్పలేదు. "ఈ మాత్ర మన తెలుగాయన చలవక్కా" అని మాత్రం చెప్పాను. ఆమె అట్టను మళ్ళీ ఒకసారి తిప్పి చూసి, భర్త చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కాసేపు పట్టుకొని కూచున్నాడు.

*

ఓర్వకల్లు రాళ్ళు దాటి, పాణ్యం దాటితే నేల రంగు మారుతుంది. ఎర్రమట్టి పోయి నంద్యాల రేగడి వస్తుంది. కాలువ నీళ్ళు తగిలిన చోట వరి పచ్చగా, పసుపుగా మారుతూ కోతకు సిద్ధంగా ఉంది. కాలువ అందని పక్క అదే రేగడిలో శనగ, జొన్న. రెంటి మధ్య తేడా ఒక గట్టు.

నంద్యాల బస్టాండులో టీ తాగుతుంటే ఎదురుగా బంకులో వక్కపొడి, పాన్‌మసాలా పొట్లాలు దండల్లా వేలాడుతున్నాయి. పొగాకు కలవకపోయినా, వక్క ఒక్కటే నోటి క్యాన్సరుకు కారణం కాగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇరవై ఏళ్ళ కిందటే తేల్చింది. మా వైపు వక్కాకు లేని పెళ్ళి లేదు, పేరంటం లేదు. ఎప్పుడో తాంబూలం వేసుకోవడం వేరు. లారీ తోలేవాళ్ళు, కూలి చేసేవాళ్ళు ఆకలి చంపుకోవడానికి, నిద్ర ఆపుకోవడానికి పొద్దస్తమానం దవడ కింద ముద్ద పెట్టుకోవడం వేరు. ముందు నోరు మండుతుంది, కారం పట్టదు. తర్వాత నోరు తెరుచుకోదు, మూడు వేళ్ళు పట్టవు. దవడ లోపల తెల్ల మచ్చో ఎర్ర మచ్చో వస్తుంది. ఈ మెట్లన్నీ కంటికి కనబడేవే, అద్దంలో చూసుకుంటే పట్టుబడేవే. మన దేశంలో 2022లో కొత్తగా వచ్చిన క్యాన్సర్లు 14 లక్షలకు పైగా ఉంటే, అందులో లక్షా నలభై వేలకు పైగా పెదవి, నోటి క్యాన్సర్లే. రెండు వారాలు దాటి మానని ఏ నోటిపుండునైనా డాక్టరుకు చూపించాలి. ఆ ఒక్క మాట ప్రతి బంకు మీదా రాసి పెడితే బాగుండును.

నోటి, గొంతు క్యాన్సరు మందుల మోతాదు మీద జరిగిన ఒక పరిశోధన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఒంటి కాపలా కణాలు క్యాన్సరును గుర్తుపట్టకుండా అడ్డుపడే కళ్ళెం ఒకటుంది. ఆ కళ్ళేన్ని విప్పే మందులను ఇమ్యునోథెరపీ అంటారు. నివోలుమాబ్ అందులో ఒకటి. లక్షల ఖర్చు. మన దేశంలో నూటికి తొంభై మందికి పైగా దాని మొహం కూడా చూడలేరు. టాటా మెమోరియల్ వాళ్ళు వేరే ప్రశ్న వేసుకున్నారు. అంత మోతాదు నిజంగా కావాలా? మామూలుగా రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు ఇచ్చేచోట, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చారు, మెథోట్రెక్సేట్ ఉన్న మాత్రలకు తోడుగా. ఫలితం 2022లో వచ్చింది. మాత్రలు మాత్రమే తీసుకున్నవాళ్ళలో ఏడాది దాటినవాళ్ళు నూటికి పదహారు. ఈ కొసరు మందు కలిపిన వాళ్ళలో నలభై మూడు. పెద్ద దేశాల కంపెనీలకు ఆ ప్రశ్న వేయాల్సిన అవసరం లేదు. నీళ్ళు తక్కువున్న చోట సేద్యం చేసేవాడికే తెలుస్తుంది, పంటకు నిజంగా ఎన్ని నీళ్ళు చాలునో.

*

ఆళ్ళగడ్డ దగ్గర రోడ్డు పక్కన శిల్పుల ఉలి చప్పుడు. చాగలమర్రిలో దంపతులు దిగారు. నేనూ దిగాను. కాలువ గట్టు మీద కాసేపు నడవాలని.

గట్టు మీద లస్కరు కనిపించాడు. తూములు ఎత్తేదీ, దించేదీ, ఎవరి వంతు ఎప్పుడో చూసేదీ ఆయనే. ఇంజినీర్లు ఎంత గొప్ప లెక్కలు వేసినా, చివరికి పొలానికి నీళ్ళు పారేది లస్కరు తలుపెత్తితేనే. క్యాన్సర్ విషయంలో ఆ పని చేసేది ఆశా కార్యకర్త, ఏఎన్ఎమ్ అమ్మ. ఊళ్ళోకి పోతే ఇద్దరూ అరుగు మీద రిజిస్టరు పెట్టుకొని కూచుని ఉన్నారు. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం, ఈ మూడింటికీ పరీక్ష చేయించడం వాళ్ళ పనుల్లో ఒకటి. "నోరంటే తెరుస్తారమ్మా. మిగతా రెండింటికీ రేపు రేపంటారు" అంది ఆశా అమ్మాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, దేశంలో ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో ముఖద్వారం పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. మా పెద్దమ్మ ఆ తొంభై ఎనిమిది మందిలో మనిషి.

ఈ పరీక్షకు పెద్ద ఆసుపత్రే ఉండనక్కర్లేదు. ముఖద్వారానికి పలచని వెనిగర్ పూసి ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. ముంబయి మురికివాడల్లో 1998 నుంచి లక్షన్నర మంది ఆడవాళ్ళతో టాటా మెమోరియల్ డాక్టరు సురేంద్ర శాస్త్రి బృందం చేసిన పరిశోధనలో, పదో తరగతి చదివిన అమ్మాయిలకు నాలుగు వారాలు నేర్పించి ఈ పని చేయించారు. 2013లో ఫలితం ప్రకటించారు. ఆ క్యాన్సరుతో పోయేవాళ్ళు 31 శాతం తగ్గారు. మన సీమలాగే ఎండకు మాడే మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లా పల్లెల్లో లక్షా ముప్పై వేల మందితో ఇంకో పరిశోధన జరిగింది. ఈ క్యాన్సరుకు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ ఉందేమో ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి, పరీక్ష చేసి, ఉన్నవాళ్ళకు వైద్యం చేస్తే చావులు దాదాపు సగమయ్యాయి. 2009లో ఆ సంగతి బయటికి వచ్చాక ప్రపంచంలో చాలా చోట్ల పద్ధతి మారుతూ వచ్చింది. ఇప్పుడు ఆ పరీక్షకు కావలసిన నమూనా ఎవరికి వారే చాటున తీసుకొని ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సిగ్గుతో ఎనిమిది నెలలు నోరు మూసుకున్న పెద్దమ్మ కోసమే ఆ పద్ధతి కనిపెట్టారా అనిపించింది.

ఆ వైరసుకు టీకా ఉంది. దాని చరిత్రలో మన ఖమ్మం ఉంది. 2009లో ఖమ్మం జిల్లా మూడు మండలాల్లో పద్నాలుగు వేల మంది ఆడపిల్లలకు ఒక ప్రయోగాత్మక పథకం కింద ఈ టీకా వేశారు. చాలామంది హాస్టళ్ళలో ఉన్న గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ అడగకుండా వేశారన్నది నిజం, పార్లమెంటు సంఘం దాన్ని తప్పు పట్టింది. 2010 ఏప్రిల్‌లో అంతా ఆపేశారు. ఆ గొడవకు సంబంధం లేకుండా, హైదరాబాదు కూడా ఒక కేంద్రంగా, దేశంలో ఇంకో పెద్ద పరిశోధన అదే టీకా రెండు డోసులకూ మూడు డోసులకూ తేడా అప్పట్లో చూస్తుండేది. ఆపమన్న ఆజ్ఞ దానికీ తగిలింది. వేల మంది ఆడపిల్లలకు ఒక్క డోసు మాత్రమే పడింది. పరిశోధకులు వాళ్ళను వదిలేయలేదు, పదేళ్ళు వెంట ఉండి చూశారు. ప్రమాదకరమైన రెండు రకాల వైరసులు ఒంట్లో తిష్ట వేయకుండా ఆ ఒక్క డోసే నూటికి తొంభై ఐదు పాళ్ళు కాపాడిందని 2021లో ప్రకటించారు. మరుసటి ఏడే ఒక్క డోసు చాలునన్న మాట ప్రపంచ ఆరోగ్య సంస్థ నోట వచ్చింది. ఇవాళ ఎన్నో పేద దేశాల్లో ఒకే టీకాతో ఆడపిల్లలకు రక్షణ దొరుకుతోందంటే, అందులో మన పిల్లల పాత్ర ఉంది. ఖమ్మంలో జరిగిన తప్పు మాత్రం మరవకూడదు. తల్లిని కూచోబెట్టి, అర్థమయ్యేలా చెప్పి, ఆమె సరేనన్నాక వేయాలి. అలా అడిగి వేసిన చోట నమ్మకం పెరుగుతుంది. అరుగు మీద కూచున్న ఈ ఆశా అమ్మాయి చేస్తున్నది ఆ పనే.

*

మైదుకూరు చేరేసరికి ఎండ తీక్షణమైంది. పసుపు పంటకు పేరున్న వైపు ఇది. హోటల్లో సంగటి పెట్టిన ఆయన, నేను ఆసుపత్రుల సంగతి ఎత్తగానే, "పసుపు తింటే క్యాన్సరు రాదంట గదమ్మా, ఫోన్లో వస్తాంటాది" అన్నాడు. పసుపులో కర్కుమిన్ అనే పదార్థం గాజుసీసాలో క్యాన్సర్ కణాలను అణచగలదని కనబడింది. కానీ మనం మింగింది ఒంటికి పట్టేది చాలా తక్కువ. దాంతో క్యాన్సరు నయమవుతుందని మనుషుల్లో ఎక్కడా రుజువు కాలేదు. పసుపు కూరలోకి మంచిది. కణితి కనిపించాక పసుపును నమ్ముకుని కూచుంటే పోయేది కాలం, కాలంతో పాటు మనిషి.

అలాగని మన చెట్టూ చేమా పనికిరావని కాదు. హోటల్ పక్క దిబ్బ మీద బిళ్ళగన్నేరు పూలు విరగబూసి ఉన్నాయి. నీళ్ళు పోయకున్నా బతికే మొక్క, గొడ్డు కూడా ముట్టదు. దాని ఆకుల్లోంచే 1950లలో విన్‌బ్లాస్టిన్, ఆ తర్వాత విన్‌క్రిస్టిన్ అనే మందులు తీశారు. ఇవాళ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లల్లో అధిక భాగం నయమై బడికి పోతున్నారంటే, సుబ్బారావు మందుతో పాటు ఈ దిబ్బ మీది పువ్వు మందు కూడా వాళ్ళ సెలైన్లో ఉంది. అయితే ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ కోసం వందల కిలోల ఎండుటాకు కావాలి. దాన్ని శుద్ధి చేసి, మిల్లీగ్రాముల్లో తూచి, నరంలోకి ఎక్కించాలి. ఆకు పసరు తాగితే విషమే. మొక్కకు, మందుకు మధ్య ఉన్నది ఆ శుద్ధి, ఆ తూకం, ఆ పరీక్ష.

*

సాయంత్రానికి కడప. 2006లో మొదలైన రిమ్స్ ఆసుపత్రి ఆవరణలో క్యాన్సరుకు ప్రత్యేక బ్లాకు లేచింది. తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో 2022లో తెరిచిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇక్కడి వాళ్ళకు హైదరాబాదు కంటే అది దగ్గర. పేదవాళ్ళకు క్యాన్సర్ వైద్యం ప్రభుత్వ ఖర్చుతో అందించిన ఆరోగ్యశ్రీని 2007లో మొదలుపెట్టిన వైఎస్ రాజశేఖరరెడ్డి ఈ జిల్లా మనిషే, డాక్టరే. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేర్లు ఏవైనా, ఆ కార్డు పట్టుకొని ఆసుపత్రి మెట్లెక్కిన మనిషికి అది తన హక్కు.

రిమ్స్ బెంచీ మీద కూచుంటే పెద్దమ్మ చివరి నెల గుర్తొచ్చింది. జబ్బు ముదిరింది, ఇంటికి తీసుకుపోండి అన్నారు. ఇంట్లో రాత్రుళ్ళు ఆమె మూలుగు వీధి చివరికి వినబడేది. "ఓర్చుకోమ్మా" అనేవాళ్ళం. అంతకంటే ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు. మార్ఫిన్ అనే మాత్ర ఉందనీ, ఖరీదు చాలా తక్కువనీ, గంటల లెక్కన ఇస్తే ఆ నొప్పిలో ఎక్కువ భాగం తగ్గి ఆమె నిద్రపోయేదనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1985 నాటి మత్తుమందుల చట్టం భయంతో ఆసుపత్రులే దాన్ని పెట్టుకునేవి కావు. 2014లో ఆ చట్టం సవరించి దారి సులువు చేశారు. హైదరాబాదు ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టరు గాయత్రి పాలాట్ వంటివాళ్ళు నొప్పి తగ్గించే వైద్యాన్ని ఒక విభాగంగా నిలబెట్టారు. ఉపశమన వైద్యం చివరి రోజుల కోసమే అనుకుంటాం. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు దాన్ని మొదటి నుంచీ కలిపి ఇస్తే బాధ తగ్గడమే కాక, ఆయుష్షు కూడా కొంత పెరిగిందని 2010లో అమెరికాలో చేసిన పరిశోధన చూపింది. నయం చేయలేకపోవచ్చు. నొప్పితో అలా వదిలేయడం మాత్రం ఎవరి తలరాతా కాదు.

*

ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ ఊరు. ఇప్పుడా ఇంట్లో ఆమె కూతురు, మా అక్క ఉంటోంది. యాభై రెండేళ్ళు. ఇద్దరం కాలువ దాకా నడిచాం. ఈ ఏడు చివరి పిల్లకాలువలోకి కూడా నీళ్ళు వచ్చాయి. మోకాలి లోతు కూడా లేవు, కానీ పారుతున్నాయి. నిన్న తెల్లారకముందు సుంకేసులలో నేను విన్న చప్పుడు ఇక్కడ లేదు. ఇక్కడ నీళ్ళు మెల్లగా, గడ్డిని తోసుకుంటూ, మడి నుంచి మడికి జారుతున్నాయి.

"అక్కా, ఆ పరీక్ష చేయించుకున్న్యావా?"

"నాకేమే, గట్టిగుండా."

"పెద్దమ్మ కూడా గట్టిగానే ఉన్నింది."

అక్క మాట్లాడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపటికి, "నువ్వు చేయించుకున్న్యావా?" అంది.

నాకు నలభై ఆరు. ఈ పరిశోధనలన్నీ చదివాను, వాటి మీద రాశాను. చేయించుకోలేదు. ఆ మాటే చెప్పాను.

సోమవారం పొద్దున తొమ్మిదికి ఇద్దరం పీహెచ్‌సీకి బయలుదేరాం. అక్క మనవరాలు బడి సంచితో మా ముందు పరుగెత్తుతోంది. దారి కాలువ గట్టు మీదే. పెద్దమ్మ నీళ్ళ కోసం ఎదురుచూస్తూ నిలబడే చోటు రాగానే అక్క ఒక్క నిమిషం ఆగి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుంది. నేనూ కడుక్కున్నాను.